ఆరుగురికి క్రిస్మస్ రాత్రి ఫ్రెంచి విందు, పల్లె బీర్లతో: ఎలా చేయాలి

నవంబరు చివరికి వచ్చేసరికి నన్ను అందరూ ఇంచుమించు ఒకటే అడుగుతారు. "క్రిస్మస్‌కి అమ్మాయి అత్తగారూ మామగారూ వస్తున్నారు, ఫ్రెంచివాళ్లు, ఏం పెట్టాలి?" "ఆఫీసువాళ్లని పిలిచాం, వైన్ గురించి మాకు ఓనమాలు రావు, బీరు పెడితే చిన్నచూపు చూస్తారా?" నేనుండేది ఫ్రాన్స్‌కి ఉత్తరపు కొసన, లీల్‌లో. ఇక్కడ పండగ టేబుల్ మీద బీరు చూసి ఎవరూ మొహం చిట్లించరు. షాంపేన్ సీసాలాగే 750 మి.లీ. సీసా, బిరడా, దానికో తీగ బిగింపు. పెద్దవాళ్లు దాన్ని చూడగానే మా తాతగారింట్లో ఇదే ఉండేదని మొదలుపెడతారు.

ఏ వంటకి ఏ బీరన్నది చాలామంది అనవసరంగా పెట్టుకునే టెన్షన్. అది కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. నేను చూసినంతలో విందు చెడేది మూడు చోట్లే. సీసా మరీ చల్లగా ఉండటం ఒకటి, గ్లాసు నిండా పోసేయడం ఇంకొకటి. మూడోది, పిలిచినవాళ్లు వంటింట్లో ఇరుక్కుపోయి, వచ్చినవాళ్లు హాల్లో ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చోవడం. కింద రాసిందంతా ఈ మూడింటి నుంచి తప్పించుకునే దారి.

బీరు గురించి తెలియాల్సింది కొంచెమే. "బియేర్ ద గార్డ్" అంటే దాచి ఉంచే బీరు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఎండాకాలం కాస్తే ఈస్టు అదుపు తప్పి బీరు పాడయ్యేది. అందుకని ఈ నోర్, పా-ద-కాలే జిల్లాల రైతులు పొలం పనులు తక్కువగా ఉండే చలికాలంలో కాచి, నేలమాళిగల్లో దాచుకునేవాళ్లు. ఇందులో మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి ముందుంటుంది, చేదు తక్కువ, ఆల్కహాల్ 6 నుంచి 8.5 శాతం దాకా. సరిహద్దు అవతల బెల్జియంలోని ఎనో ప్రాంతంలో అదే పద్ధతిలో కాచింది "సేజోన్". ఎండల్లో పొలం పనికొచ్చే కూలీల దాహం తీర్చడానికి పుట్టింది. నురగ ఎక్కువ, తీపి దాదాపు ఉండదు, కాస్త మిరియాల ఘాటు. సేజోన్ ఫ్రెంచిది కాదుగా అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆ గీత పొలాల మధ్య నుంచే పోతుంది, రుచికి అడ్డం పడదు.

విందు డిసెంబరు 24 రాత్రికి. మెనూ ఇదీ: ముందు గూజేర్లు (చీజ్ వేసిన చిన్న పొంగు బన్నులు), తర్వాత ఆయిస్టర్లు (పచ్చిగా తినే సముద్రపు ఆల్చిప్పలు), ఆ తర్వాత బీరులో ఉడికించిన కోడి, చీజ్ పళ్లెం, చివర బూష్ అనే దుంగ ఆకారపు కేకు. ఫొయె గ్రా (కొవ్వు పట్టించిన బాతు కాలేయం) కావాలనే చేర్చలేదు. ఫ్రెంచి పండగల్లో అది ఉండాల్సిందే అనేవాళ్లున్నారు, నిజమే. కానీ ఐదు వంటలతోనే పొట్ట నిండిపోతుంది. ఒకవేళ కొన్నా, మిగిలింది సూట్‌కేసులో పెట్టుకుని మన ఊరు తీసుకెళదామనుకోకండి. 2014లో భారత ప్రభుత్వం దాని దిగుమతిని నిషేధించింది.

కావాల్సినవి

బీర్లు, అన్నీ 750 మి.లీ. సీసాలే, మొత్తం ఆరు:
- సేజోన్ 2. సులువుగా దొరికేది సేజోన్ ద్యుపోన్, 6.5 శాతం.
- అంబర్ రంగు బియేర్ ద గార్డ్ 2. జాన్లాన్ అంబ్రే (7.5 శాతం) లేదా లా షులెత్ అంబ్రే. ఒకటి గిన్నెలోకి, ఒకటి టేబుల్ మీదికి.
- త్రువా మోన్ 1, 8.5 శాతం, బంగారు రంగు. పేరుకి అర్థం "మూడు కొండలు". వాటిలో పేరున్న కాసెల్ కొండ ఎత్తు 176 మీటర్లు. మనవాళ్లు దాన్ని గుట్ట అనడానికి కూడా ఆలోచిస్తారు, పాపం ఈ చదును నేలలో అదే హిమాలయం.
- "బియేర్ ద నొయెల్" అని రాసున్నది 1. డిసెంబరులో ఇక్కడి బ్రూవరీలు చాలావరకు ఒకటి వేస్తాయి. ముదురు రంగులో, కాస్త తీపిగా ఉంటుంది.

వంటకి:
- నాటుగా పెరిగిన కోడి 2 కిలోలది, ఎనిమిది ముక్కలుగా కొట్టించింది. పెట్టె మీద "ఫెర్మియే" అని ఉంటే అదే.
- ఉల్లిపాయలు 3, పుట్టగొడుగులు 300 గ్రా., మైదా 1 పెద్ద చెంచా, థైమ్ రెండు రెమ్మలు, లోరియే ఆకు (బే లీఫ్) 1, జూనిపర్ గింజలు 4, పాన్ దెపీస్ (మసాలా తేనె రొట్టె) ఒక ముక్క, డిజోన్ ఆవముద్ద 1 చెంచా, చిక్కటి క్రీమ్ 150 మి.లీ.
- గూజేర్లకి: నీళ్లు 250 మి.లీ., వెన్న 80 గ్రా., మైదా 150 గ్రా., గుడ్లు 4, కోంతే చీజ్ తురుము 120 గ్రా.
- ఆయిస్టర్లు 3వ నంబరువి 36. ఎప్పుడూ తినని వాళ్లుంటే 24 చాలు. నంబరు పెరిగేకొద్దీ ఆయిస్టరు చిన్నదవుతుంది. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు.
- చీజ్: మర్వాల్ ఒక చిన్న పలక, ముదిరిన మిమోలెట్ 200 గ్రా., బులెట్ దావెన్ ఒకటి.
- బంగాళాదుంపలు, నిమ్మకాయలు, బ్రెడ్డు, ఉప్పు పెట్టిన వెన్న, ఒక పెద్ద లెట్యూస్.

సామాను: మందపాటి అడుగున్న గిన్నె, మాంసంలో గుచ్చే థర్మామీటరు, ఆయిస్టరు కత్తి, మందపాటి తువ్వాలు, పన్నెండు వైన్ గ్లాసులు. బీరు మగ్గులు వద్దు, పొడుగాటి ఫ్లూట్ గ్లాసులూ వద్దు. పొట్ట లావుగా, మూతి సన్నగా ఉన్న మామూలు వైన్ గ్లాసే వాసనని పట్టి ఉంచుతుంది.

1. పది రోజుల ముందు: ఆర్డర్లు

ఆయిస్టర్లు, బూష్ ఈ రెండూ ముందే చెప్పి పెట్టండి. 24న పొద్దున్నే చేపల కొట్టు ముందు క్యూ చూస్తే సంక్రాంతికి బస్టాండే గుర్తొస్తుంది. బూష్ ఇంట్లో చేద్దామన్న ఆలోచన ఉంటే వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. కేకు చుట్టేటప్పుడు పగిలితే దిద్దుకునే టైం ఆ రోజు ఉండదు. కొనేటప్పుడు చాక్లెట్, కాఫీ లేదా ప్రాలీన్ రుచి అడగండి. నిమ్మ, పాషన్ ఫ్రూట్ ఉన్నవి బీరు పక్కన పుల్లగా కొడతాయి.

బీరు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పచ్చ గాజు సీసాలు షాపు లైట్ల కింద రోజుల తరబడి నిలబడితే లోపలి హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) వెలుతురుకి చెడి, కాలిన రబ్బరు లాంటి ఒక పాడు వాసన పట్టుకుంటుంది. అరలో ముందు వరస వదిలేసి వెనక నుంచి తీసుకోండి, లేదా మూసిన అట్టపెట్టెలోంచి అడగండి.

మీరు ఫ్రాన్స్ బయట ఉంటే ఈ పేర్లన్నీ దొరక్కపోవచ్చు. అప్పుడు షాపులో "మాల్టు రుచి ఎక్కువ, చేదు తక్కువ ఉన్న అంబర్ బీరు" అని అడగండి. ఐపీఏ అనే చేదు బీరు మాత్రం తేవద్దు, ఎందుకో మూడో అంచెలో చెబుతాను.

2. రెండు రోజుల ముందు: సీసాలు నిలబెట్టండి

ఈ బీర్లు చాలావరకు సీసాలోనే రెండోసారి పులుస్తాయి. అడుగున ఈస్టు మడ్డి ఉంటుంది. పడుకోబెట్టి తెచ్చిన సీసాని అలాగే తెరిస్తే గ్లాసులో బురద నీళ్లలా కనిపిస్తుంది. తాగితే ఏమీ కాదు గానీ చూడ్డానికి బాగోదు. 22 నాటికే ఆరూ నిలబెట్టి ఉంచండి, ఇక కదపొద్దు.

ఫ్రిజ్‌లో చోటు ఎలాగూ ఉండదు. ఇక్కడి డిసెంబరులో బాల్కనీయే పెద్ద ఫ్రిజ్. గడ్డకట్టే చలి ఉన్న రోజు మాత్రం లోపలికి తెచ్చేయండి. ఫ్రీజర్‌లో పెట్టి గబగబా చల్లారుద్దామనుకోవద్దు. నేను ఒక ఏడాది అలా రెండు సీసాలు పెట్టి మాటల్లో మరిచిపోయాను. ఒకదాని బిరడా లేచిపోయి, తలుపు తీసేసరికి పచ్చి బఠాణీల పొట్లాల మీదంతా బీరు మంచు. రెండోది పగల్లేదు గానీ తెరవగానే సగం నురగై పోయింది.

3. 23వ తేదీ రాత్రి: కోడి

ఈ వంట పేరు "కోక్ ఆ లా బియేర్", ఇక్కడి ఇళ్లలో మామూలుగా చేసేదే. పండగలకి ఫ్రాన్స్ అంతటా టర్కీయో, షాపోన్ అనే కొవ్వెక్కించిన పెద్ద కోడో కాలుస్తారు. అది చేస్తే మీరు సాయంత్రమంతా ఓవెన్ ముందే కాపలా. ఈ కోడి ముందు రోజే అయిపోతుంది, మర్నాటికి మన కోడికూరలాగే ఇంకా రుచి పట్టి ఉంటుంది.

ముక్కలకి ఉప్పు పట్టించి తడి తుడిచేయండి. గిన్నెలో వెన్న, కాస్త నూనె వేడిచేసి, చర్మం వైపు కిందికి పెట్టి నాలుగేసి ముక్కలుగా వేయించండి. అన్నీ ఒకేసారి పడేస్తే నీరూరి ఉడుకుతాయి తప్ప రంగు రాదు. గోధుమ రంగు వచ్చిందా అని చూడటానికి ముక్కని పీకకండి. వేగితే అదే గిన్నెని వదులుతుంది.

ముక్కలు తీసేసి అదే కొవ్వులో ఉల్లిపాయలు సన్న సెగ మీద పదిహేను నిమిషాలు మగ్గనివ్వండి. మైదా చల్లి నిమిషం కలపండి. అంబర్ బీరు 600 మి.లీ. పోసి అడుగు గీకండి. పైకి వచ్చే నురగ తీసేయండి. కోడి, థైమ్, లోరియే ఆకు, దంచిన జూనిపర్ గింజలు వేసి, పాన్ దెపీస్ ముక్కకి ఆవముద్ద రాసి పైన పెట్టండి. అది కరిగి గ్రేవీని చిక్కబరుస్తుంది. మూత పెట్టి సన్నటి సెగ మీద 50 నిమిషాల నుంచి గంట. ఆఖరి పావుగంటలో విడిగా వేయించిన పుట్టగొడుగులు కలపండి. సీసాలో మిగిలిన కాస్త బీరు వంటవాళ్లది, దానికి లెక్క అడిగేవాళ్లు లేరు.

లోరియే అంటే మన బిర్యానీ ఆకు కాదు, చెట్టే వేరు. బిర్యానీ ఆకు వేస్తే దాల్చినచెక్క వాసన ముందుకొచ్చి వంట దారి తప్పుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద వైపు చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. ఆ ఒక్క రాత్రికి ఆపుకోండి. కారం వేస్తే ఈ బీర్లలో ఆల్కహాల్ నాలుక మీద మండుతుంది.

ఉడికిందో లేదో చూడటం: తొడ ముక్కలో ఎముకకి తగలకుండా థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు దాటాలి. కాలి ముక్క దగ్గర మాంసం ఎముకని వదిలి పైకి జరిగి ఉండాలి. గ్రేవీలో గరిటె ముంచి, వెనక వేలితో గీత గీస్తే ఆ గీత అలాగే నిలవాలి. నీళ్లగా ఉంటే ముక్కలు తీసేసి గ్రేవీని మాత్రమే మరిగించండి.

ఇక ఐపీఏ సంగతి. హాప్స్ ఎక్కువున్న బీరుని మరిగిస్తే నీళ్లు ఆవిరై చేదు మొత్తం గిన్నెలో మిగులుతుంది. మొదటిసారి నేను చేసింది అదే. చూడ్డానికి గ్రేవీ నిగనిగలాడుతూ ఉంది, నోట్లో పెట్టుకుంటే వేపాకు కషాయం. మామూలు బీరుతోనూ కొంచెం చేదు రావచ్చు. అప్పుడు ఒక చెంచా బ్రౌన్ షుగర్ (ఇక్కడ దాన్ని వెర్జువాజ్ అంటారు) వేసి ఐదు నిమిషాలు ఆగి చూడండి. మన బెల్లం తురుమూ పనిచేస్తుంది. ఈ వంటలో పరాయిగా అనిపించని మన సరుకు అదొక్కటే.

రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. క్రీమ్ ఇప్పుడు కలపకూడదు.

మద్యం అసలు ముట్టని వాళ్లు వస్తుంటే ఒక మాట: ఉడికిస్తే ఆల్కహాల్ పూర్తిగా పోదు. వాళ్ల కోసం చిన్న గిన్నెలో రెండు ముక్కలు ఆపిల్ రసం, చికెన్ స్టాక్ సగం సగం పోసి విడిగా చేయండి. శాకాహారులకి లీక్ ఫ్లామీష్ (లీక్ అనే ఉల్లిజాతి కాడలు పెట్టి కాల్చే పై) చేయండి. కిలో లీక్ కాడల తెల్లభాగం సన్నగా తరిగి, వెన్నలో అరగంట మగ్గించి, 200 మి.లీ. క్రీమ్, రెండు గుడ్లు కలిపి, రెండు పఫ్ పేస్ట్రీ షీట్ల మధ్య పెట్టి 190 డిగ్రీల్లో 35 నిమిషాలు. గుడ్డు కూడా తినని వాళ్లయితే గుడ్లు మానేసి చెంచాడు మైదా వేయండి.

4. 24 ఉదయం: గూజేర్లు, గ్లాసులు

నీళ్లు, వెన్న, ఉప్పు మరిగించి, పొయ్యి కట్టేసి మైదా మొత్తం ఒకేసారి వేసి కలపండి. మళ్లీ సన్న సెగ పెట్టి, ముద్ద గిన్నె అంచులు వదిలి అడుగున పల్చటి పొర కట్టేదాకా రెండు నిమిషాలు తిప్పండి. ఐదు నిమిషాలు ఆరనిచ్చి గుడ్లు ఒక్కొక్కటే కలపండి. నాలుగో గుడ్డు ముందే గిలకొట్టి కొంచెం కొంచెంగా పోయండి. గరిటె పైకెత్తితే పిండి ముక్కోణంలా వేలాడి నెమ్మదిగా జారితే చాలు, మిగిలిన గుడ్డు వేయొద్దు. చీజ్, మిరియాల పొడి కలిపి, నిమ్మకాయలో సగమంత ఉండలు పెట్టి 200 డిగ్రీల్లో 25 నిమిషాలు.

మొదటి 20 నిమిషాలు ఓవెన్ తలుపు తీయకండి. తీస్తే పూరీ చల్లారినట్టు కూలబడిపోతాయి. అయిందా లేదా అనడానికి ఒకటి తీసి అడుగున తట్టండి, డొల్లగా చప్పుడు రావాలి. మెత్తగా ఉంటే ఇంకో నాలుగు నిమిషాలు. సాయంత్రం అతిథులు వచ్చాక 180లో ఐదు నిమిషాలు వేడిచేస్తే మళ్లీ కరకరలాడతాయి.

గ్లాసులు ఈ పూటే చూసుకోండి. జిడ్డు గ్లాసులో నురగ నిలవదు. వేణ్ణీళ్లతో బాగా కడిగి, చివర చన్నీళ్లు తిప్పి పారబోయండి. లోపల నీరు సమంగా పొరలా జారితే శుభ్రం. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే. బీరు పోశాక గ్లాసు గోడలకి బుడగలు అంటుకుని కూర్చున్నా అదే కారణం.

5. సాయంత్రం: ఎంత చల్లగా

ఈ ఒక్క విషయంలో మన అలవాటు మనకే శత్రువు. మన ఊళ్లో బీరు ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. 38 డిగ్రీల ఎండలో అది సరే. ఇక్కడ అంత చల్లగా ఇస్తే డబ్బు పెట్టి కొన్న రుచంతా గడ్డకట్టుకుపోతుంది.

- సేజోన్: 6 నుంచి 8 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసిన పావుగంటకి పోయండి.
- త్రువా మోన్: 8 నుంచి 10.
- అంబర్, నొయెల్ బీర్లు: 10 నుంచి 12. తీసి టేబుల్ మీద 40 నిమిషాలు ఉంచాలి.

థర్మామీటరు అక్కర్లేదు. గ్లాసులో పోసి వాసన చూడండి. ఏ వాసనా రాకపోతే మరీ చల్లగా ఉన్నట్టు, అరచేతుల్లో పట్టుకుని రెండు నిమిషాలు తిప్పండి. ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొడితే వేడెక్కిపోయినట్టు. అంబర్ బీరుకి బ్రెడ్డు కాలిన వాసన, కాస్త పాకం వాసన వస్తే సరిగ్గా ఉంది.

చీజ్ కూడా ఈ పూటే బయట పెట్టాలి, తినడానికి గంట ముందు. మర్వాల్‌ని మాత్రం మూత కింద ఉంచండి. దాని వాసన వర్షాకాలంలో మూసిన గదిలో బూట్లు విప్పినట్టే ఉంటుంది, రుచి మాత్రం అంత సాధువు. ముందే చెప్పకపోతే ఇంట్లో పిల్లలు గ్యాస్ లీకైందని అరుస్తారు.

6. ఆయిస్టర్లు తెరవడం

తెచ్చిన బుట్ట తెచ్చినట్టే, 5 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో ఉంచండి. లోతు చిప్ప కిందికి ఉండాలి, పైన బరువు పెట్టాలి. నీళ్లలో వేశారో చచ్చిపోతాయి. బుట్ట మీది లేబుల్ తినడం అయ్యేదాకా పారేయొద్దు, అందులో తేదీ ఉంటుంది.

విందుకి గంట ముందు కూర్చోండి. తువ్వాలు నాలుగు మడతలు వేసి ఎడమ అరచేతిలో పెట్టి, ఆయిస్టరుని లోతు చిప్ప కిందికి, మొన తేలిన వైపు మీ వైపుకి ఉండేలా పట్టుకోండి. ఆ మొన నుంచి మూడింట రెండు వంతులు పైకి, కుడి అంచులో రెండు చిప్పల మధ్య గీత ఉంటుంది. కత్తి అక్కడ ఆనించి, తోయకుండా, అటూ ఇటూ ఆడిస్తూ నెమ్మదిగా దించండి. అర అంగుళం దిగగానే చిన్న పట్టు తెగినట్టు తెలుస్తుంది, అదే కండరం. పై చిప్ప లేపి లోపలి చూర్ణం వేలితో తీసేయండి. మొదటి నీళ్లు ఒంపేయండి, పది నిమిషాల్లో మళ్లీ ఊరుతుంది. రాళ్ల ఉప్పు పరిచిన పళ్లెంలో కదలకుండా పెట్టండి. చేతికి కత్తి దిగడం ఎప్పుడూ బలం వాడినప్పుడే. చిప్ప మొండికేస్తే పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి.

బతికుందో లేదో చూడాలి: నల్లటి అంచుని కత్తి మొనతో తాకితే ముడుచుకోవాలి. ముడుచుకోకపోయినా, తెరవకముందే నోరు తెరుచుకుని ఉండి తడితే మూసుకోకపోయినా, వాసన తేడాగా ఉన్నా చెత్తబుట్టే. ఖరీదైంది కదా అని చూడకండి. గర్భిణులకి, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకి పచ్చి ఆయిస్టర్లు పెట్టొద్దు. వాళ్లకీ, పచ్చివి చూసి భయపడేవాళ్లకీ ఓవెన్‌లో బాగా ఉడికిన రొయ్యలు చేయండి.

ఫ్రెంచివాళ్లు వెనిగర్‌లో ఉల్లి వేసిన సాస్ అడుగుతారు. ఆ పులుపు బీరుని చంపేస్తుంది. నిమ్మ చుక్క, మిరియాల పొడి, ఉప్పు వెన్న రాసిన బ్రెడ్డు చాలు. సముద్రపు ఉప్పదనం మీద సేజోన్ ఒక గుక్క తాగితే నోరు కడిగినట్టవుతుంది. ఈ జోడీ గురించి నేను ఎవరితోనైనా వాదిస్తాను.

7. సీసా తెరవడం, పోయడం

తీగ తిప్పుతున్నప్పటి నుంచే బొటనవేలు బిరడా మీద ఉండాలి. సీసాని కొంచెం వంచి, మనుషుల వైపు కాకుండా గోడ వైపు పెట్టి, బిరడా పట్టుకుని సీసాని తిప్పండి. పటాసులా పేలకూడదు, నిట్టూర్చినట్టు రావాలి. కొన్ని ఉత్తరాది సీసాలకి తీగ బదులు ఇనుప క్లిప్పు ఉంటుంది. స్పూన్ కాడతో ఒక వైపు లేపండి, పైన తువ్వాలు కప్పడం మరవొద్దు.

గ్లాసు వంచి నెమ్మదిగా పోసి, చివర నిలబెట్టి రెండు వేళ్ల నురగ తెప్పించండి. ఆరు గ్లాసులూ వరసగా ఒకే దఫాలో పోసేయండి. మధ్యలో సీసా నిలబెట్టి మళ్లీ వంచితే మడ్డి లేస్తుంది. అడుగున రెండు చెంచాల మందం వదిలేయండి.

ఒక్కొక్కరికి 120 మి.లీ., అంతే. పిసినారితనంలా కనిపిస్తుంది. లెక్క చూడండి: గిన్నెలోది పోగా ఐదు సీసాలు, ఆరుగురికి పంచితే తలకి 36 గ్రాముల ఆల్కహాల్ దాకా వస్తుంది. ఫ్రాన్స్‌లో ఒక ప్రామాణిక గ్లాసంటే 10 గ్రాములు, రోజుకి రెండు దాటొద్దని అక్కడి ఆరోగ్య సంస్థల సలహా. అంటే ఇదే ఎక్కువ. మన 'స్ట్రాంగ్' బీర్లలో ఉండే ఘాటు వీటిలో నాలుకకి తెలియదు, 8.5 శాతం కూడా మంచినీళ్లలా దిగుతుంది. ఆరుగురూ తాగాలన్న నియమమేమీ లేదు, బుడగల ఆపిల్ రసం అదే గ్లాసులో పోసివ్వండి. ఇక్కడ నడిపేవాళ్లకి పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, కొత్త లైసెన్సుకి 0.2. ఎవరు ఎలా ఇంటికి వెళ్తారో పిలిచేటప్పుడే తేల్చుకోండి. ప్రతి వంటకీ మంచినీళ్ల జగ్గు నింపండి.

గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి "సాంతే" అనాలి, చేతులు ఒకరి మీదుగా ఒకరు దాటించకూడదు. మనవాళ్లు గ్లాసు వైపు చూస్తారు, వాళ్లు ఆటపట్టిస్తారు.

8. వేళలు

7:30కి రమ్మంటే 7:45కి వస్తారు. అది ఆలస్యం కాదు, మర్యాద.
- 7:45: గూజేర్లు, మొదటి సేజోన్.
- 8:30: ఆయిస్టర్లు, రెండో సేజోన్. అప్పుడే కోడి సన్న సెగ మీద పెట్టేయండి. అరగంటలో మొత్తం బుడబుడమనాలి, అంచులే కాదు.
- 9:30: కోడిలో క్రీమ్ కలిపి రెండు నిమిషాలు. లైట్ క్రీమ్ వాడితే విరిగిపోతుంది, కొవ్వు 30 శాతం ఉన్నదే కావాలి. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు. గిన్నెలో పోసిన బీరే గ్లాసులోనూ.
- 10:30: లెట్యూస్, చీజ్, త్రువా మోన్.
- 11:30: బూష్, నొయెల్ బీరు.

వంటకీ వంటకీ మధ్య ఖాళీ చూసి కంగారు పడొద్దు. మనకి ఖాళీ విస్తరి అంటే తప్పు చేసినట్టు. వాళ్లకి ఆ ఖాళీయే విందు, దీని పేరే "రెవెయోన్", అంటే మెలకువగా ఉండటం. మీరూ కూర్చోండి.

9. చీజ్, బూష్

చీజ్ స్వీటు ముందు రావాలి, తర్వాత కాదు. తక్కువ ఘాటు నుంచి మొదలుపెట్టండి: మిమోలెట్, తర్వాత మర్వాల్, చివర బులెట్ దావెన్. ఈ మూడోది పాప్రికా, మిరియాలు, టారగాన్ పట్టించిన ఎర్రటి శంకువు. మన అతిథులంతా దాని చుట్టూనే చేరతారు. మిమోలెట్ పెంకు దుమ్ము పట్టినట్టు గుంటలు గుంటలుగా ఉంటే పాడైందనుకోకండి, దాన్ని మాగబెట్టేవే చీజ్ పురుగులు. పెంకు కోసేసి నారింజ రంగు భాగం తినండి. సంప్రదాయ ఫ్రెంచి చీజ్‌లలో చాలావరకు దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ (పాలని గడ్డకట్టించేది) ఉంటుంది. పట్టింపు ఉన్న శాకాహారులకి ముందే చెప్పండి, కోంతే వేసిన గూజేర్ల గురించి కూడా.

బూష్‌తో ఎక్కువమంది చేసే పొరపాటు, మిగిలిన సేజోన్ పోయడం. తీపి తిన్న నోటికి తీపి లేని బీరు పుల్లగా, చేదుగా తగులుతుంది. తీపిలో బీరు కేకు కంటే మరీ వెనకబడకూడదు. నొయెల్ బీరు ఒక గుక్క తాగి చూసి, పలచగా అనిపిస్తే కేకు ముక్కలు సన్నగా కోసి పెట్టండి. అప్పటికీ కుదరకపోతే బీరు ఆపేసి కాఫీ ఇవ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు. ద్యుపోన్ వాళ్ల 'బోన్ వ' అనే కొత్త సంవత్సరపు బీరు (9.5 శాతం) కూడా ఇక్కడ చాలామంది పెడతారు. నా మటుకు దానికి చీజే సరి, అందులో తీపి తక్కువ.

తెరిచాక తేడా కొడితే

- సీసా తెరవగానే పొంగిపోతోంది: వేడిగా ఉంది లేదా కుదిపారు. మూత పెట్టే ప్రయత్నం చేయకుండా జగ్గులోకి వంచేసి, నురగ దిగాక పోయండి.
- తడి అట్టపెట్టె వాసన: పాతబడింది. ఇక బాగుపడదు, మార్చండి.
- బీరు మరీ తీపిగా, బరువుగా ఉంది: పక్కన ఉప్పదనం పెంచండి. ముదిరిన మిమోలెట్ ఒక ముక్క చాలు.
- కోడి గ్రేవీ విరిగింది: పొయ్యి దించి, రెండు చెంచాల చల్లటి క్రీమ్ వేసి గట్టిగా గిలకొట్టండి. సగం సార్లు కుదురుతుంది. కుదరకపోతే వడకట్టి పోయండి, మసక వెలుతురులో తెలియదు.

మర్నాడు

మిగిలిన గ్రేవీ అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. పచ్చిమిర్చి ఒకటి కొరుక్కున్నా అప్పుడు అడిగేవాళ్లుండరు. తెరిచిన సీసాలో మిగిలిన అంబర్ బీరుని ఉల్లిపాయల సూప్‌లో పోసేయండి. 25 పొద్దున కాఫీలోకి "కోకీ" కొనుక్కోండి. పొత్తిళ్లలో చుట్టిన పసిబిడ్డ ఆకారంలో ఉండే బ్రియోష్ (తియ్యటి వెన్న రొట్టె) అది, ఇక్కడి బేకరీలన్నిట్లో ఉంటుంది. మిగిలిన మర్వాల్‌ని రెండు డబ్బాల్లో, ఒకదాంట్లో ఒకటి పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక డబ్బా సరిపోతుందనుకుంటే పాలు, పెరుగు, ఇడ్లీ పిండి అన్నీ దాని వాసనే వేస్తాయి. పోయినేడు మా ఇంట్లో మూడు రోజులు ఇడ్లీలు ఎవరూ ముట్టలేదు.